సున్నా చుట్టిన చోట

కంపెనీలో నా పని సున్నాలు చుట్టడం.
పాలిష్ పట్టి నిలబెట్టిన పలక మీద
నీళ్లు చల్లి, గుడ్డతో తుడిచి,
అన్నిటికన్నా ఆలస్యంగా ఆరే గీత ఎక్కడుందో చూసి
(అదే బీట)
పసుపు చాక్‌పీసుతో ఒక సున్నా.
సున్నా పడిన రాయి ఓడ ఎక్కదు.
చీమకుర్తిలోనే ఉండిపోతుంది,
ఏ ఇంటి గడపో, ఏ బాత్‌రూమ్ మెట్టో అయి.

అట్టా ఉండిపోయిన పలక ఒకటి
మా దొడ్లో బట్టలుతికే బండ.
నల్లటి ఒంటి నిండా బంగారు రవ్వలు.
మధ్యలో బీట. పట్టుకున్నది నేనే,
పదకొండేళ్ల కింద.

శివరాత్రి వెళ్లింది. శివశివా అని చలీ వెళ్లింది.
జేబులో వేసుకొచ్చిన చాక్‌పీసు ముక్కతో
రాత్రి అన్నం తిన్నాక
బండ ముందు గొంతుక్కూర్చుని తోట గీశాను.

కొళాయి దగ్గర సున్నా, బీరపాదు.
దాని పక్కది సొర.
మస్తాన్‌బీ వాళ్ల రేకుల మీదికి పాకించుకోమంది,
కాసిన దాంట్లో సగం తనదన్న ఒప్పందం మీద.
విత్తనాలు కూడా తనే ఇచ్చింది, మాత్రల కవర్లో చుట్టి.
గోడ వార గోరుచిక్కుడు, నాలుగు బెండ,
ఒక మడి తోటకూర.
కాకర ఒకటి. కాకర నాకిష్టం.
బీట ఉన్న చోట ఏమీ పెట్టలేదు, అది కాలిబాట.
ఉగాదికి మొలక. ఎండలు ముదిరేలోగా పందిరి.
రవ్వ మెరిసిన చోటల్లా పూత అనుకున్నాను.

చెంచులక్ష్మి వక్కపలుకు నములుతూ వచ్చి చూసింది.
"ఆలు లేదు చూలు లేదు" అని మొదలెట్టి
ఆపేసింది.
సగంలో ఆగిన సామెత
ఇద్దరి మధ్యా కాసేపు నిలబడింది.

తర్వాత నీళ్ల లెక్క అడిగింది.
కొళాయి రోజు మార్చి రోజు, పన్నెండు బిందెలు.
వంటకి రెండు. అంట్లకి రెండు.
"దుమ్ము ఒళ్లు కదా నీది, నీకు నాలుగు."
బట్టలకి మూడు.
"మిగిలింది ఒకటి. దాంతో నీ తోటకూరే తడవదు."

మట్టి మాట అడగలేదు, నయం.
మా దొడ్లో పార వేస్తే జానెడు లోతున రాతిపొడి,
తడిస్తే సిమెంటులా బిగుసుకుంటుంది.
మాలకొండయ్య ట్రాక్టరుతో చెరువు ఒండ్రు తోలతానన్నాడు.
పోయిన ఉగాదికీ అన్నాడు.

మర్నాడు పనిలో
బీటే లేని పలక మీద సున్నా చుట్టబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
అక్కడ పందిరి గుంజ బాగుంటుందనిపించింది.

ఇంటికొచ్చేసరికి బండ మీద తోట లేదు.
బట్టలు ఉతికేసింది.
బీర లేదు, సొర లేదు. అంతా ఆరిపోయి
బీట ఒక్కటే ఇంకా తడిగా, వెంట్రుకంత.

కాళ్లు కడుక్కుని లోపలికి పోబోతూ చూశాను.
బండ మీద కాదు, నేల మీద,
ముగ్గుపిండితో సున్నాలు.
బీర స్నానాలగది తూము దగ్గరికి వచ్చేసింది,
నా ఒంటి మీది నాలుగు బిందెలూ ఇక దానికే.
సొర అంట్ల నీళ్ల వార.
బట్టల నీళ్లు పల్లానికి పారే చోట బెండ, గోరుచిక్కుడు.
"కాకరేదీ?"
"సబ్బు నీళ్లకి చచ్చిపోద్ది."
అబద్ధం. తనకి చేదు పడదు.

మూలన ఇంకో సున్నా, చిన్నది.
ఏ తూమూ అటు పారదు. దాని పేరేంటో తెలీదు.
అడిగితే, "మిగిలిన బిందె దానికి" అంది.
ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

గడ్డపార తెచ్చి ఆ సున్నాలో ఒక పోటు వేశాను.
తెల్లపొడి లేచింది, ముగ్గు ఏదో పొడి ఏదో కలిసిపోయింది.
"ఇప్పుడెందుకయ్యా, ఒండ్రు రానీ" అని లోపల్నించి అరిచింది.

ఇంకో పోటు వేశాను.